తొమ్మిది హోళ్ల హిసాబ్

శికాగో చుట్టుపక్కల ఉండే మన హైదరాబాదీల ఇళ్లల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఒక బీమారీ మొదలవుతుంది. దానికి దవా లేదు. నవంబరు నుంచి గరాజు మూలన పడున్న గోల్ఫ్ బ్యాగును బయటికి లాగడం, దాని జేబుల్లో చెయ్యి పెట్టి నిరుటి బంతులు, విరిగిన టీలు, అప్పడంలా ఎండిన ఎడమచేతి గ్లవుజు తీయడం, డ్రాయింగ్ రూం కార్పెట్ మీద నిలబడి లేని బంతిని లేని కర్రతో కొట్టడం, "జూమర్‌కు తగుల్తది జీ!" అని భాభీలు వంటింట్లోంచి అరవడం, ఇవన్నీ ఆ బీమారీ అలామత్‌లే.

ఈ బీమారీని నేను దగ్గరుండి చూసింది 2024లో. అంతకు ముందు అక్టోబరులో మా భాయిజాన్‌కు బైపాస్ అయింది. రంజాన్ ఆఖరి అషరాలో సెలవు దొరికితే వెళ్లాను. అక్కడ ఈద్ ఏప్రిల్ 10న, మన దగ్గర 11న. ఒక రోజు ముందే షీర్ ఖుర్మా తాగేశానని నల్లగొండలో ఉన్న మా అమ్మీకి ఫోన్ చేసి చెప్తే, "నీకు చాంద్ కూడా తొందరగానే కనబడ్తది" అంది.

భాయిజాన్‌కు అప్పటికి 55 ఏళ్లు. మా అబ్బా దిల్ ఆగి పోయింది 56లో. ఈ రెండు అంకెలు మా ఇంట్లో ఎవరూ పైకి చెప్పరు. అందరికీ గుర్తే.

ఈద్ మర్నాడే టీవీలో మాస్టర్స్ మొదలైంది. ఏటా ఏప్రిల్‌లో అగస్టాలో జరిగే పెద్ద టోర్నమెంటు అది. అక్కడ గడ్డి మఖ్మల్ లెక్క ఉంటుంది, పూలు ఒక్క ఆకు కూడా తప్పకుండా పూస్తాయి. నాలుగు రోజులు అది చూసి, ఆఖరి రోజు స్కాటీ షెఫ్లర్ గెలిచాక, శికాగోలోని ప్రతి డెంటిస్టుకూ ప్రతి సాఫ్ట్‌వేర్ మేనేజరుకూ "ఇంతేనా, మనమూ కొట్టొచ్చు" అనిపిస్తుంది. అగస్టా ఉన్నది జార్జియాలో, తాము ఉన్నది ఇల్లినాయిలో అన్న సంగతి ఆ నాలుగు రోజుల్లో మర్చిపోతారు.

మీలో గోల్ఫ్ తెలియనివాళ్లకు ముఖ్తసర్‌గా చెప్తాను. చిన్నప్పుడు గుంత తీసి గోలీలాడాం కదా, అదే. కాకపోతే గుంత నాలుగు వందల గజాల దూరంలో ఉంటుంది. బంతి బరువు 46 గ్రాములు దాటకూడదు. బ్యాగులో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. ఇట్లాంటి గుంతలు పద్దెనిమిది. అన్నిట్లో బంతి వేయడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్క. తక్కువ కొట్టినవాడు గెలిచినట్టు. సాధారణంగా మైదానం 72 దెబ్బలకు కట్టి ఉంటుంది. మా భాయిజాన్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో వంద దగ్గర తిరిగేవాడు.

మన దగ్గర ఈ ఆట అంటే గోడ అవతలిది. గోల్కొండ నయా ఖిలాలో గోల్ఫ్ మైదానం ఉంది కదా, అక్కడి హాథియాఁ కా ఝాడ్ మీద రాయడానికి ఒకసారి వెళ్లాను. ఆఫ్రికా నుంచి వచ్చిందని చెప్పే ఆ బవోబాబ్ చెట్టు లావు చూసి రాసుకొచ్చానే గాని, ఆటను చూడలేదు. శికాగోలో సంగతి వేరు. కౌంటీలకూ పార్క్ డిస్ట్రిక్టులకూ సొంత మైదానాలున్నాయి. జాక్సన్ పార్కులో ఉన్న పబ్లిక్ మైదానం 1899 నాటిది. టికెట్ కొనుక్కున్న ఎవరైనా ఆడొచ్చు. రిటైరైన పోస్టుమన్ పక్కన డెంటిస్టు నిలబడతాడు. అందుకే భాయిజాన్ అక్కడికి వెళ్లిన ఐదేళ్లకే ఈ ఆటలో పడ్డాడు. "ఇక్కడ మనతో మాట్లాడ్డానికి ఎవరికీ ఫుర్సత్ లేదు ఛోటీ. ఈ మైదానంలో నాలుగు గంటలు తప్పించుకోలేరు" అని చెప్పాడు ఒకసారి ఫోన్‌లో.

డాక్టరు మూడు నెలలకే నడవమన్నాడు. ఛాతీ ఎముక అతుక్కున్నాక మొదట చిన్న దెబ్బలు, తర్వాత పెద్దవి అన్నాడు. ఏప్రిల్ కల్లా ఇజాజత్ ఇచ్చాడు. ఇవ్వనిది భాభీ. చివరికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే, "ఛోటీ వెంట పోవాలె." అట్లా నేను కేడీనయ్యాను. మా ఖాందాన్‌లో మొదటి కేడీని, అదీ తెలుగులో డిగ్రీ చేసిన కేడీని.

ఈద్ తర్వాత రెండో శనివారం. పొద్దున 7:40కి మా వంతు. ఫజ్ర్ అయ్యాక బయల్దేరితే కారు అద్దం మీద మంచు పేరుకుని ఉంది. మైదానం చేరాక చూస్తే నలభై మంది మగవాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకుని కౌంటర్ ముందు నిలబడి ఉన్నారు. రేషన్ షాపు తెరవకముందు నిలబడినట్టే. బోర్డు మీద "ఫ్రాస్ట్ డిలే" అని రాసి ఉంది. గడ్డి ఆకుల్లోని నీళ్లు గడ్డకట్టి ఉన్నప్పుడు దాని మీద నడిస్తే లోపలి కణాలు పగిలిపోతాయట. రెండు రోజుల తర్వాత ఆ అడుగులు గోధుమరంగు మచ్చలై కనబడతాయట. ఎండ వచ్చి కరిగేదాకా ఎవర్నీ వదలరు. ఐదు నెలలు ఆగినవాళ్లకు ఈ గంటన్నర ఆగడం ఎంత కష్టమో ఆ మొహాలు చూస్తే తెలిసింది. ఒకాయన ప్రతి ఐదు నిమిషాలకూ వెళ్లి గడ్డిని వేలితో ముట్టుకుని వస్తున్నాడు. ఇఫ్తార్ ముందు గడియారం చూసే పిల్లాడు గుర్తొచ్చాడు.

మా జమాత్‌లో నలుగురు. భాయిజాన్, మెహదీపట్నం నుంచి వచ్చిన డెంటిస్ట్ సాబ్, గుంటూరు సారు ముందే ఉన్నారు. నాలుగో ఆయన్ను కౌంటర్ వాళ్లే జత చేశారు. పోలండ్ మూలాలున్న పెద్దాయన, ముప్ఫై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు మోసినవాడు. ఒక్కడే వచ్చినవాణ్ని ముగ్గురితో కలపడం అక్కడ రివాజు. భాభీ ఫ్లాస్కులో పోసిచ్చిన ఇలాయచీ చాయ్ పోస్తే పెద్దాయన రెండు చేతులతో పట్టుకుని తాగాడు. అరగంటలో ఆయన మోకాళ్ల సర్జరీ, గుంటూరు సారు షుగర్, డెంటిస్ట్ సాబ్ నడుం నొప్పి, భాయిజాన్ బైపాస్, అన్నీ బల్ల మీదికి వచ్చాయి. మన దగ్గర బస్టాండులో గంటసేపు కూర్చుంటే ఇవే మాటలు.

తొమ్మిది దాటాక వదిలారు.

సీజన్ మొదటి దెబ్బ ఎట్లుంటదో చూడాలి మీరు. బంతి లేకుండా ఊపినప్పుడు నలుగురూ ఉస్తాదులే. మెడ నిటారు, భుజం గుండ్రం, పూర్తయ్యాక దూరంగా ఆకాశంలోకి చూపు. బంతి పెట్టగానే శరీరానికి ఏదో అవుతుంది. డెంటిస్ట్ సాబ్ కొట్టిన బంతి పక్కనున్న కొయ్య బోర్డుకు తగిలి, మా వెనక్కి వచ్చి, చెత్తడబ్బా దగ్గర ఆగింది. మొదటి హోల్‌లో గుంతకు ఇంకా దూరం పెరిగింది అన్నమాట. గుంటూరు సారు బంతి గాల్లోకి లేచింది గాని పక్క హోల్ ఫెయిర్‌వేలో దిగింది. "అది మన ఊరే, పక్క వీధి" అన్నాడాయన.

మొదటి దెబ్బ పాడైతే ఇంకోటి కొట్టుకోనివ్వడం అమెరికా స్నేహితుల మధ్య ఒక మామూలు. దానికి "బ్రేక్‌ఫాస్ట్ బాల్" అని పేరు. రూల్సులో లేదు. భాయిజాన్ కొట్టింది ముప్ఫై గజాలు నేల మీద పాకి ఆగింది. పోస్టుమన్ పెద్దాయన తన జేబులోంచి ఇంకో బంతి తీసి ఇచ్చాడు. "వద్దు, నాష్తా ఇంట్లోనే చేసి వచ్చా" అని భాయిజాన్ ఆ ముప్ఫై గజాల బంతి దగ్గరికే నడిచాడు. నేను బండి లాక్కుంటూ వెనక.

ఏప్రిల్ మైదానం మనిషికి చేసే అవమానాలు ఇన్నీ అన్నీ కావు. చలికి బంతి బిగుసుకుపోతుంది, గాలి బరువెక్కుతుంది. అందుకని ఎండాకాలంలో నూట యాభై గజాలు పోయే దెబ్బ ఇప్పుడు నూట ముప్ఫై దగ్గర చతికిలబడుతుంది. కర్ర మధ్యలో తగలకపోతే చేతుల్లోకి బిజిలీ కొట్టినట్టు. చలికాలం పొద్దున గల్లీలో కార్క్ బాల్ క్రికెట్ ఆడినవాళ్లకు ఆ దర్ద్ తెలుస్తుంది. మంచు కరిగిన నేల బురద బురదగా ఉంటుంది. ఎత్తు నుంచి పడ్డ బంతి తన గుంత తానే తవ్వుకుని అందులో దిగిపోతుంది. పైకి తీసుకుని తుడిచి పక్కన వేసుకోవడానికి రూలు ఒప్పుకుంటుంది, దొరికితే కదా! వెతకడానికి ఇంతకు ముందు ఐదు నిమిషాలు ఇచ్చేవారట, 2019 నుంచి మూడే. ఐదుగురం వంగి బురదలో బంతి కోసం చూస్తుంటే నాకు మా ఊళ్లో వేరుశనగ ఏరుకునే ఆడవాళ్లు గుర్తొచ్చారు.

అది దాటి గ్రీన్ మీదికి, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీదికి వస్తే, అక్కడ ఇంకో ఇమ్తిహాన్. ఆ వారమే దాన్నంతా జల్లెడలా పొడిచి, చిల్లుల్లో ఇసుక పోశారు. మనుషుల పాదాలకు గట్టిపడ్డ నేలలోకి గాలి, నీళ్లు పోవడానికి అట్లా చేస్తారు. వేళ్లకు మంచిదే. ఆడేవాడికే చెడ్డది. నాలుగడుగుల దూరం నుంచి భాయిజాన్ మెల్లగా తోసిన బంతి కప్పలా మూడు గంతులు వేసి, గుంత అంచు చూసి, పక్కకు తిరిగిపోయింది. "దేఖ్ ఛోటీ, సలాం కర్‌కే గయీ" అన్నాడు.

మూడో హోల్ దగ్గర చెరువు. చెరువు ఒడ్డున కెనడా బాతులు. చూడ్డానికి శరీఫ్‌గా ఉంటాయి గాని ఏప్రిల్ గుడ్లు పెట్టే కాలం, వాటికి ఎవరూ దోస్తులు కారు. డెంటిస్ట్ సాబ్ బంతి పోయి పోయి ఒక గూడుకు రెండు గజాల్లో ఆగింది. ఆయన కర్ర పట్టుకుని ఒక్కడుగు వేశాడు. బాతు మెడ చాచి పాములా బుస కొట్టింది. ఆయన ఇంకో అడుగు వేశాడు. బాతు కూడా వేసింది. 1918 నాటి చట్టం ఒకటి ఆ పక్షుల్ని కాపాడుతోందని పోస్టుమన్ పెద్దాయన గుర్తు చేశాడు. డెంటిస్ట్ సాబ్‌ను కాపాడే చట్టం ఏదీ లేదు. "జానే దో, సదఖా" అని వెనక్కి వచ్చి ఇంకో బంతి తీసుకున్నాడు.

నాలుగో హోల్‌లో భాయిజాన్ బంతి చెట్ల కిందికి పోయింది. మిగతావాళ్లు అటువైపు. నేను, ఆయన మాత్రమే. బంతి పక్కన ఎండుకొమ్మ ఉంటే తీశాడు. తీస్తుంటే బంతి అంగుళమంత కదిలింది. ఎవరూ చూడలేదు. ఆయన బంతిని మళ్లీ ముందున్న చోటే పెట్టి, కొట్టి, బయటికి వచ్చాక "నాకు ఒకటి ఎక్కువ రాయండి, బంతి కదిలింది" అని గుంటూరు సారుకు చెప్పాడు. ఈ ఆటలో అంపైర్ ఉండడు. నీ తప్పు నువ్వే చెప్పుకోవాలి. మా అబ్బా ఉర్దూ మీడియం టీచరు. పరీక్ష హాల్లో తలుపు దగ్గర కుర్చీ వేసుకుని బయటికి తిరిగి కూర్చునేవాడు. "దేఖ్‌నేవాలా దేఖ్‌రా" అనేవాడు. చెట్ల కింద భాయిజాన్‌ను చూస్తే ఆ కుర్చీయే కనబడింది.

ఆరో హోల్ ఎత్తు మీదికి. గాలి ఎదురు. నేను దుపట్టా చెవులకు చుట్టుకుని బండి లాగుతున్నా. భాయిజాన్ ముందు నడుస్తున్నవాడు ఆగి బూటు లేసు కట్టుకున్నాడు. ఇరవై అడుగులు వేసి మళ్లీ కట్టుకున్నాడు. ఇంకాస్త దూరం పోయి దూరం రాసి ఉన్న రాయిని చదువుతున్నట్టు నిలబడ్డాడు. దాని మీద ఉన్నది ఒక్కటే అంకె. తర్వాత ఐనక్ తీసి తుడిచాడు.

అబ్బా కూడా అంతే. మండలాఫీసు మెట్ల మీద సగంలో ఆగి ఐనక్ తుడిచేవాడు. అద్దాల మీద ఏమీ ఉండేది కాదు. మేము పిల్లలం, ఆ తుడవడం ఆయన ఆదత్ అనుకునేవాళ్లం.

దగ్గరికి వెళ్లి, "భాయిజాన్, ఊపిరి అందుతలేదా?" అన్నా.

"హౌలీ, చలి గాలి అంతే."

"దర్ద్ ఉందా?"

"నహీఁ బోలానా!"

"కూసో."

కూర్చున్నాడు. బండికున్న చిన్న సీటు మీద. జేబులో డాక్టరిచ్చిన గోలీ ఉందో లేదో చూశా, ఉంది. నొప్పి లేదన్నాడు, చెమటలు లేవు, రెండు నిమిషాల్లో మొహం రంగు తేరుకుంది. మిగతా ముగ్గురూ పైన నిలబడి మేఘాల గురించి మాట్లాడుకుంటున్నట్టు నటిస్తున్నారు. "భాభీకి చెప్పకు" అన్నాడు భాయిజాన్ నెమ్మదిగా. అంగుళం కదిలిన బంతికి గవాహీ ఇచ్చినవాడు, తన ఊపిరికి ఇవ్వనంటున్నాడు. నేను జవాబు చెప్పలేదు.

ఏడో హోల్ దగ్గర ఇంకోసారి కూర్చోబెట్టా. ఈసారి తిట్టలేదు.

ఎనిమిదో హోల్‌లో ఏమైందంటే, ఈ ఆట ఆడేవాళ్లందరికీ ఏమవుతుందో అదే అయింది. చెరువు మీంచి కొట్టాలి. భాయిజాన్ సెవెన్ ఐరన్ తీశాడు. కర్రకు బంతి తగిలిన చప్పుడే వేరుగా వినబడింది. బంతి లేచి, చెరువు దాటి, బాతుల్ని దాటి, గుంతకు ఎనిమిదడుగుల్లో కూర్చుంది. ఎవరూ మాట్లాడలేదు. పోస్టుమన్ పెద్దాయన టోపీ తీశాడు. పొద్దుట్నుంచి పడ్డ బురద, బిజిలీ, సిగ్గు, అన్నీ ఆ ఒక్క దెబ్బకు మాఫ్. రెండో దెబ్బకు గుంత దగ్గరికి తోసి, మూడో దానికి బంతి వేశాడు. పార్.

దాంతో ముసీబత్ మొదలైంది. తొమ్మిదో హోల్ అయ్యాక ఇంటికి పోదామంటే, "ఇప్పుడే చెయ్యి కుదిరింది, ఇంకా తొమ్మిది ఆడ్తా" అన్నాడు. నేను బండి వదల్లేదు. ఆయనా వదల్లేదు. ఇద్దరం దఖ్ఖనీలో కొట్లాడుకుంటుంటే వెనకొచ్చే జట్టువాళ్లు కూడా ఆగి చూశారు. భాష రాకపోయినా అన్నాచెల్లెళ్ల కొట్లాట ఎవరికైనా అర్థమవుతుంది. "నేను పేషెంట్‌ను కాను, సమఝ్ రీ?" అన్నాడు చివరికి, గొంతు పగిలి.

అప్పుడు గుంటూరు సారు గడ్డి మీద కూర్చుని మోకాలు పట్టుకున్నాడు. "భాయ్, నా వల్ల కాదు. మోకాలు పట్టేసింది. మీరు ఆడుకోండి, నేను కారులో కూర్చుంటా." డెంటిస్ట్ సాబ్ వెంటనే నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. పోస్టుమన్ పెద్దాయనకు తెలుగూ రాదు, ఉర్దూ రాదు. అయినా వాళ్లిద్దర్నీ చూసి, తన చేతులు మొద్దుబారాయని చెప్పాడు. భాయిజాన్ ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. "ఝూటే" అన్నాడు. కానీ బండి వదిలాడు.

లోపల వేడి సూప్ తాగి, జుహర్ వేళయ్యేదాకా కబుర్లు చెప్పుకుని, ప్రాక్టీసు గ్రీన్ పక్కన వాన కోట్లు పరుచుకుని నమాజ్ చదివారు. శికాగో నుంచి ఖిబ్లా ఈశాన్యం వైపు. గుంతకు ఎంత దూరమో చెప్పే గడియారమే దిక్కు కూడా చెప్పింది. గుంటూరు సారు, పెద్దాయన బ్యాగుల దగ్గర కాపలా. గుంటూరు సారు రెండు మోకాళ్ల మీదా హాయిగా నిలబడే ఉన్నాడు.

స్కోరు 58. ఇల్లినాయిలో ఏప్రిల్ ఒకటి నుంచి అక్టోబరు ఆఖరు దాకా ఆడినవే హ్యాండిక్యాప్ లెక్కలోకి వస్తాయి. చలికాలంలో ఆడింది లెక్కకు రాదు. తొమ్మిదే ఆడినా ఆ ఒక్క ఆటతోనే లెక్క కట్టే పద్ధతి ఆ ఏడాది జనవరి నుంచి వచ్చిందట. భాయిజాన్ ఫోన్‌లో అంకె ఎక్కిస్తూ, "సగం ఆడినా పూర్తిగా గింటారు ఛోటీ" అన్నాడు. ఆ 58లో చెట్ల కింది దెబ్బ ఒకటి ఉంది.

కారులో నేను ఒకే మాట అన్నా. "బంతి కదిలిందని చెప్పినవ్. ఊపిరి ఆగిందని కూడా చెప్పు. నేను చెప్పను, నువ్వే చెప్పు."

ఇంటిదాకా మాట్లాడలేదు. భాభీ తలుపు తీసి "ఎట్లయింది?" అంది. బూట్ల బురద డోర్‌మ్యాట్ మీద రుద్దుకుంటూ అన్నాడు, "యాభై ఎనిమిది. రెండుసార్లు కూసున్నా." భాభీ నా వైపు చూడలేదు. ఫ్రిజ్ మీదున్న కేలండర్‌లో డాక్టరు అపాయింట్‌మెంట్ తేదీ పక్కన "2" అని రాసింది. అపాయింట్‌మెంట్ రోజు డాక్టరు ఒక మందు మార్చాడు. కొన్నాళ్లు తొమ్మిదే ఆడమన్నాడు, గుట్టలున్న చోట మోటారు కార్ట్ ఎక్కమన్నాడు. భాయిజాన్ కార్ట్‌ను తౌహీన్ అనుకున్నాడు గాని ఎక్కాడు.

నేను తిరిగొచ్చాక ఆ సీజనంతా శనివారం రాత్రి మనకు తొమ్మిదింటికో పదింటికో వాట్సాప్‌లో రెండు అంకెలు వచ్చేవి. మొదటిది దెబ్బలు, రెండోది కూర్చున్నవి. "55, 2." "56, 1." జూన్‌లో ఒకసారి "61, 0" అని వచ్చింది. అంత చెత్త స్కోరుకు మా ఇంట్లో మిఠాయి పంచారు. అమ్మీకి గోల్ఫ్ తెలియదు, సున్నా తెలుసు.

ఈ ఏప్రిల్‌తో భాయిజాన్‌కు 56 నిండాయి. మొన్న శనివారం ఫోటో పంపాడు. అదే కౌంటరు, అదే బోర్డు, తెల్లగా మెరిసే గడ్డి. నలుగురూ ఉన్నారు. పోస్టుమన్ పెద్దాయన చేతిలో భాభీ ఫ్లాస్కు. కింద రాశాడు, "మంచు కరగలేదు. ఆగమన్నారు. ఆగినం."